పొయ్యి నోటికి సరిపోయే గొట్టం దొరకనప్పుడు మేం చేసింది

అన్నా, పాత ఇనుప సామాన్ల అంగట్లో కొన్న పోత ఇనుము కట్టెల పొయ్యి, పొగ పోయే నోరు గుండ్రంగా లేకుండా కోడిగుడ్డులా ఉంది, 4 అంగుళాల గొట్టం లోపల వదులు, 6 అంగుళాలది బయట వదులు, సందులో రేకు చుట్టి సిమెంటు పూస్తే నిలుస్తుందా అని అడిగారు. నిలవదు. మేం దాదాపు అదే పని చేసి ఒక చలికాలమంతా అవస్థ పడ్డాం.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె, మట్టి మిద్దె. అమ్మకు సంగటి కట్టెల పొయ్యి మీద కెలికితేనే తృప్తి. మీలాంటి పొయ్యే తెచ్చి, దాని నోటి మీద 6 అంగుళాల గొట్టం బోర్లించి, సందులో రెండు ముద్దలు కలిపి పిసికే సీలు కూరాం. వారం తిరగకముందే అది మెత్తబడి, కంపు కొట్టి, ఊడిపోయింది. అంతకంటే బాధ కలిగించింది గొట్టం బయటి వైపు కారిన నల్లటి తారు. పొయ్యి మీద పడి మాడేది, ఇల్లంతా ఘాటు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే వంట చేసేది.

కారణం తర్వాత అర్థమైంది. పొగ పైకి పోతూ చల్లబడినప్పుడు అందులోని తేమ, తారు గొట్టం గోడకు పట్టి కిందికి జారుతాయి. గొట్టం నోటి బయట ఉంటే ఆ జారేది బయటికే వస్తుంది. నోటి లోపలికి దిగి ఉంటే తిరిగి పొయ్యిలో పడి కాలిపోతుంది. మిద్దె మీద దోనెలు అతికేటప్పుడు పై దోనె కొస కింది దోనెలో పడేలా పెడతాం కదా, ఇదీ అంతే. ఒక్క నోటి దగ్గరే కాదు, పైన ప్రతి అతుకు దగ్గరా పై ముక్క కింది ముక్కలోకే దిగాలి.

కొలత విషయంలో చాలామంది పొరపాటు పడతారు. కోలగా ఉన్న నోటిని అడ్డంగా, నిలువుగా కొలిస్తే రెండు అంకెలు వస్తాయి, ఏది చెప్పాలో తెలియదు. చుట్టుకొలత తీసుకోండి. నేను పాత క్యాలెండరు అట్టను రెండు అంగుళాల వెడల్పు పట్టీగా కత్తిరించి, నోటి లోపల గోడకు ఆనేలా చుట్టి, కొసలు కలిసినచోట పెన్నుతో గీత పెట్టాను. పదిహేనున్నర అంగుళాలు వచ్చింది. 3.14తో భాగిస్తే దాదాపు 5. అంటే 5 అంగుళాల గుండ్రటి గొట్టాన్ని కాస్త నొక్కితే ఆ కోడిగుడ్డు నోట్లో కూర్చుంటుందన్నమాట.

ఆ అట్టనే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లాను. అట్ట కంటే పావు అంగుళం తక్కువగా 18 గేజ్ మందం ఉన్న నల్ల రేకు కత్తిరించి, అంచులు ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేయించాను. కింది కొసను చెక్క సుత్తితో మెల్లగా కొట్టి కోలగా చేశారు, పైన 6 అంగుళాల గొట్టం దిగేలా గరాటులా వెడల్పు చేశారు. అడుగు పొడవు మెడ అది. దాని మీద నుంచి అంతా మామూలు గుండ్రటి గొట్టమే. నోటి కంటే పెద్దదానికి ఒక సైజు పోవచ్చు కానీ 4 అంగుళాలకు మాత్రం దిగొద్దు. 5 అంగుళాల నోటి వైశాల్యం దాదాపు 20 చదరపు అంగుళాలు, 4 అంగుళాలది పన్నెండున్నరే. మిగిలిన పొగ ఇంట్లోకే తంతుంది.

మెడకూ నోటికీ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో పొయ్యిలకు వాడే సిరామిక్ తాడు కూరి, పైన ఫైర్ క్లే, అంటే వేడికి తట్టుకునే మట్టి, పూయండి. మామూలు సిమెంటు వేడికి పగులుతుంది. ఆస్బెస్టాస్ తాడు ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు, ఆ పీచు ఊపిరితిత్తులకు చేటు. జి.ఐ. గొట్టం, అంటే జింకు పూత వేసిన ఇనుప గొట్టం, చవక అంటారు, ఇంటి లోపల మాత్రం వద్దు. ఆ పూత 419 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, దాని పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు చాలు.

మీది కూడా మిద్దె ఇల్లయితే కొత్తగా చిల్లు పెట్టకుండా గవాచిలో నుంచి, అంటే వెలుతురు కోసం మిద్దె కప్పులో వదిలిన కంతలో నుంచి, తీసుకోండి. మేం అలాగే చేశాం. కానీ దూలానికీ, దాని మీద అడ్డంగా పరిచిన కట్టె దంతెలకూ గొట్టం కనీసం అడుగున్నర దూరంలో ఉండాలి. గవాచిలో అంత చోటు లేకపోతే, గొట్టానికి దూరంగా ఇంకో వెడల్పాటి రేకు తొడుగు వేసి మధ్యలో గాలి ఆడనివ్వాలి, ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించండి. మిద్దె పైన మూడడుగులకు తగ్గకుండా లేపండి.

మొదటిరోజు ఎండిన కంది కట్టెతో చిన్న మంట వేసి, ప్రతి అతుకు పక్కన అగరొత్తి పట్టుకుని చూడండి. పొగ లోపలికి లాగితే బాగున్నట్టు, బయటికి నెడితే ఆ అతుకు మళ్లీ బిగించాలి. అది తేలేదాకా తలుపులు మూసి ఆ గదిలో ఎవరినీ పడుకోనివ్వొద్దు, కట్టెల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసే విషవాయువు, దానికి వాసన ఉండదు. లోపలి చుట్టుకొలత ఎంత వచ్చిందో రాయండి, రేకు ఎంత కత్తిరించాలో లెక్క చూసి చెప్తాను.