కార్డు లిమిట్‌ను ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటే ఇలాగే అవుతుంది

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, నెలకు చేతికి 1.72 లక్షలు వస్తాయి. ఏడాదిన్నర కిందట ఆరేళ్ల పాత జర్మన్ స్పోర్ట్స్ కారు 29 లక్షలకు కొన్నాను, అందులో 22 లక్షలు లోన్. పోయిన నెల ఫ్రెండ్‌తో కలిసి అందులో కూర్గ్ బయల్దేరాను. గుత్తి దాటాక భోజనానికి హైవే దిగితే ఊళ్లో స్పీడ్ బ్రేకర్ కారు అడుగున గట్టిగా తగిలింది. కాసేపటికి ఆయిల్ లైట్ వెలిగింది. ముందు మెకానిక్ దొరుకుతాడేమోనని ఇంకో 9 కిలోమీటర్లు నడిపాను, ఇంజిన్ బిగుసుకుపోయి (సీజ్ అయి) ఆగిపోయింది. బెంగళూరు సర్వీస్ సెంటర్ 7.2 లక్షల ఎస్టిమేట్ ఇచ్చింది. ఇన్సూరెన్స్ వాళ్లు 95 వేలే ఇస్తామంటున్నారు. మిగతా 6.25 లక్షల్లో 4 లక్షలు క్రెడిట్ కార్డు మీద, 2.25 లక్షలు లోన్ యాప్‌లో తీసుకుందామనుకుంటున్నాను. యాప్ వాళ్లు నెలకు 2.4 శాతమే అంటున్నారు. ఇంటి లోన్ ఈఎంఐ 52 వేలు, కారుది 41 వేలు, ఇంటి ఖర్చులు 60 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 15 వేలు. సేవింగ్స్‌లో 80 వేలు, ఎఫ్‌డీ లక్ష, మ్యూచువల్ ఫండ్స్ 5.6 లక్షలు, నా భార్య బంగారం 20 తులాలు ఉన్నాయి. కార్డు లిమిట్ 5 లక్షలు ఉంది కదా అని ఎమర్జెన్సీకి విడిగా ఏమీ పెట్టుకోలేదు. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: కాదండీ. మీరు ఏమీ అనుకోనంటే ఇంకా గట్టిగా కూడా చెబుతాను, కానీ ముందు లెక్క చూద్దాం.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఆపింది కారు కాదు, ఆ చివరి మాట. "కార్డు లిమిట్ ఉంది కదా అని విడిగా ఏమీ పెట్టుకోలేదు." ఈ మాట నేను నెలకు ఎన్నిసార్లు వింటానో చెప్పలేను. జీతం లక్షన్నర దాటిన వాళ్లే ఎక్కువగా అంటారు, ఎందుకంటే బ్యాంకు వాళ్లకే లిమిట్ పెంచుతూ పోతుంది, ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా మన దగ్గర ఇంకో లక్ష చేరినట్టే అనిపిస్తుంది. అది మీ డబ్బు కాదు. ఉద్యోగం పోయిన నెలలోనే, సిబిల్ స్కోరు కాస్త తగ్గినప్పుడే ఆ లిమిట్‌ను తగ్గించే హక్కు బ్యాంకుకు ఉంది. అంటే మీకు సరిగ్గా అవసరం పడిన రోజున అది ఉండకపోవచ్చు. ఉన్నా, అది అప్పు. అవసరానికి దొరికే అప్పుని పొదుపు అని పిలవడం దగ్గరే తప్పు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ దాన్ని బయటపెట్టిందంతే.

ఇప్పుడు మీ ప్లాన్ సంగతి. కార్డు మీద 4 లక్షలు గీకి ఈఎంఐగా మార్చకుండా వదిలేశారనుకోండి, నెలకు 3.5 శాతం చొప్పున 14 వేలు వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,520. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సింది, 5 శాతం, 20 వేలు కట్టి హమ్మయ్య అనుకుంటే అసలులో తగ్గేది మూడున్నర వేలు కూడా కాదు. సరే, తెలివిగా 24 నెలల ఈఎంఐగా మార్చారు, 16 శాతానికి ఇచ్చారనుకుందాం. నెలకు సుమారు 19,600. వడ్డీ మీద జీఎస్టీ ఇందులో కలపలేదు. యాప్ లోన్ 18 నెలలకు తీసుకుంటే నెలకు 15,500 పైన. "నెలకు 2.4 శాతమే" అంటే ఏడాదికి 28.8 శాతం అని, ఆ 'మే' అనే అక్షరం ఎవరు రాశారో వాళ్లకు తెలుసు. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ పోతే మీ చేతికి వచ్చేది 2.17 లక్షలే, వడ్డీ మాత్రం 2.25 లక్షల మీద కడతారు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇవ్వాలి, అందులో ఏపీఆర్ (ఫీజులు కూడా కలిపిన ఏడాది ఖర్చు శాతం) అని రాసి ఉన్న అంకె ఒక్కటి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

రెండూ కలిపితే నెలకు 35 వేలు. మీ ఖర్చులన్నీ పోగా ఇప్పుడు మిగిలేది 4 వేలు. సిప్ ఆపేసినా 19 వేలు. మిగతా 16 వేలు ప్రతి నెలా ఎక్కడి నుంచి తెస్తారు? ఇంకో యాప్ నుంచి. ఇలా రెండో యాప్, మూడో యాప్ ఎక్కిన వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికి అసలు మొదటి లోన్ దేనికి తీసుకున్నారో వాళ్లకే గుర్తుండదు. ఇప్పటికే మీ జీతంలో 54 శాతం రెండు ఈఎంఐలకు పోతోంది. దాని మీద ఇంకో రెండా?

ఇన్సూరెన్స్ వాళ్ల మీద మీకు కోపంగా ఉన్నట్టుంది. 95 వేలే ఎందుకంటే, మామూలు ప్యాకేజీ పాలసీలో యాక్సిడెంట్ వల్ల నేరుగా జరిగిన నష్టానికే డబ్బు వస్తుంది. స్పీడ్ బ్రేకర్ తగిలి ఆయిల్ ఛాంబర్ పగలడం యాక్సిడెంట్. ఆయిల్ లేకుండా నడపడం వల్ల ఇంజిన్ పోవడం దాని పర్యవసానం, అది కవర్ కాదు. పైగా పాలసీ షరతుల్లోనే ఉంటుంది, దెబ్బ తగిలిన బండిని రిపేరు చేయించకుండా నడిపితే ఆ తర్వాత పెరిగే నష్టం మీదే అని. ఆ 9 కిలోమీటర్ల ఖరీదే ఈ ఆరు లక్షలు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ (యాడ్ ఆన్) ఉంటే కొంత వాదించడానికి వీలుండేది, అది మీకు ఉన్నట్టు లేదు. ఇప్పటికి ఏడేళ్లు దాటిన బండి కాబట్టి మెటల్ పార్ట్‌ల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు పార్ట్‌ల మీద 50 శాతం తరుగు తీసేస్తారు, ఇంజిన్ 1500 సీసీ దాటితే ఇంకో 2 వేలు తప్పనిసరి కోత. అన్నీ పోగా మిగిలిందే ఆ 95 వేలు. గుత్తి నుంచి బెంగళూరుకు 250 కిలోమీటర్ల పైన ఫ్లాట్‌బెడ్ మీద పంపించారు కదా, దానికి మామూలు పాలసీ ఇచ్చేది 1,500 రూపాయలు. ఇంకో సంగతి, ఏ గుద్దుడూ లేకుండా మీ కారు గేర్‌బాక్స్ దానంతటదే పోయినా ఇన్సూరెన్స్ రూపాయి ఇవ్వదు, మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీలో ఉండదు. వారంటీ అయిపోయిన స్పోర్ట్స్ కారు కొన్నప్పుడు ఆ రిస్కు మొత్తం మీ జేబు మీదే ఉందని ఎవరో ఒకరు చెప్పాల్సింది. (స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఉంది. మన ఊళ్లలో వేసేవాళ్లు ఆ కాగితం చదివినట్టు ఎప్పుడూ కనబడలేదు.)

ఇప్పుడు చేయాల్సింది. ముందు ఆ ఎస్టిమేట్‌కు ఓకే చెప్పకండి. పార్టుకెంత, లేబర్‌కెంత అని విడివిడిగా రాయించుకోండి. ఇంజిన్ మొత్తం మారుస్తారా, లేక విప్పి చూసి బేరింగులు, క్రాంక్ షాఫ్ట్ వరకే పని ఉంటుందా అని అడగండి, చాలాచోట్ల విప్పకుండానే కొత్త ఇంజిన్ లెక్క వేసేస్తారు. ఈ బ్రాండు బళ్లే చూసే ప్రైవేటు గ్యారేజీలు బెంగళూరులోనూ, హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, వాళ్ల దగ్గర రెండో ఎస్టిమేట్ తీసుకోండి. ఇంజిన్ మార్చాల్సి వస్తే కొత్త ఇంజిన్ నంబరు ఆర్టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించాలి, లోన్ ఇచ్చిన బ్యాంకుకూ ఇన్సూరెన్స్‌కూ చెప్పాలి, ఇది మర్చిపోతే బండి అమ్మే రోజు తల పట్టుకుంటారు. కారు అక్కడే ఉంటే రోజుకు పార్కింగ్ చార్జీ వేస్తారా అనేది కూడా ఇప్పుడే అడగండి.

డబ్బు ఎక్కడి నుంచి? మ్యూచువల్ ఫండ్స్‌లో 4 లక్షలు అమ్మండి. సిప్ పగలగొట్టడం పాపం అన్నట్టు చాలామంది ఫీలవుతారు, 12 శాతం రావచ్చేమో అనుకునే పెట్టుబడిని కాపాడుకోవడానికి 28 శాతానికి అప్పు తేవడం ఏ లెక్కో నాకు అర్థం కాదు. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. ఈక్విటీ ఫండ్స్ అయి, ఏడాది దాటినవైతే ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మీ 4 లక్షల్లో లాభం అంత ఉండకపోవచ్చు. మిగతా 2.25 లక్షలకు బ్యాంకులో గోల్డ్ లోన్, అందులో కొన్ని తులాలు పెడితే చాలు, 20 తులాలూ మోసుకెళ్లక్కర్లేదు. అన్నట్టు ఆ బంగారం మీ ఆవిడది. "ఉన్నాయి" అని ఆస్తుల లిస్టులో రాసేశారు గానీ, ఆవిడకు ఈ 7 లక్షల సంగతి తెలుసా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగి తీసుకోండి. సిప్ ఆపితే వచ్చే 15 వేలు, మిగులు 4 వేలు కలిపి నెలకు 19 వేలు కడితే ఏడాది దాటి ఒక నెలకు అది తీరిపోతుంది. పర్సనల్ లోన్ రెండో మార్గం, అంతకంటే చెప్పడానికేం లేదు. పీఎఫ్ జోలికి వెళ్లకండి. ఎఫ్‌డీ, సేవింగ్స్ ముట్టుకోకండి, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

మీ ఇంటికి నెలకు తప్పనిసరి ఖర్చు ఈఎంఐలతో కలిపి 1.53 లక్షలు. సేవింగ్స్‌లోని 80 వేలు సగం నెలకు వస్తాయి. ఎఫ్‌డీ కలిపితే నెల మీద ఓ ఐదు రోజులు. ఐటీలో ఉద్యోగం పోతే ఇంకోటి దొరకడానికి ఎన్నాళ్లు పడుతోందో మీ ఆఫీసులోనే కనుక్కోండి. మీకు కావాల్సింది ఆరు నెలలది, 9.18 లక్షలు. కార్డులో కాదు, స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో (సేవింగ్స్ ఖాతాకు కలిపి ఉండే ఎఫ్‌డీ) లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్). అది రిపేర్లకు కాదు, ఇల్లు నడవడానికి. కారు ఉంచుకుంటారా, అప్పుడు దానికి వేరే డబ్బా పెట్టాలి, వారంటీ లేని స్పోర్ట్స్ కారుకు నా లెక్కలో కనీసం 4 లక్షలు. ఈ రెండూ లేకుండా ఆ కారు ఎక్కి ఘాట్ రోడ్డుకు వెళ్లడం అంటే ఇంటి లోన్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని నడపడమే.

పదమూడు లక్షలు కూడబెట్టడానికి మీ ఇప్పటి మిగులుతో ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేసుకోండి. అందుకే నా సలహా, రిపేరు చేయించి నడిచే స్థితికి తెచ్చి అమ్మేయండి. పద్దెనిమిది నెలల్లో 7.4 లక్షలు ఈఎంఐ కట్టారు, 14 శాతం వడ్డీ లెక్కన ఇంకా దాదాపు 18.9 లక్షలు బాకీ ఉంటుంది. నడవని కారును అమ్మితే వచ్చే డబ్బు ఆ బాకీకి సరిపోతుందన్న నమ్మకం లేదు, నడిచే కారుకు ఉంటుంది. లోన్ తీరితే బ్యాంకు నుంచి బాకీ లేదనే ఎన్‌ఓసీ తీసుకుని ఆర్‌సీ మీద హైపోథికేషన్ (బ్యాంకు పేరున ఉన్న తాకట్టు) తీయించుకోండి. ఆ రోజు నుంచి నెలకు 41 వేలు మీ చేతిలో ఉంటాయి. ముందు గోల్డ్ లోన్, తర్వాత ఎమర్జెన్సీ ఫండ్, ఆ తర్వాతే సిప్. "ఇష్టపడి కొన్నాను సార్" అంటారని తెలుసు. ఫండ్ నిండాక మళ్లీ కొనుక్కోండి, కార్లు ఎక్కడికీ పోవు.

అమ్మేవరకు పాలసీ రెన్యువల్ వస్తే ఇంజిన్ ప్రొటెక్ట్ ఇస్తారేమో అడగండి, పాత బళ్లకు కొన్ని కంపెనీలు ఇవ్వవు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మాత్రం తీసుకోండి, అది వందల్లో పని. సెకండ్ హ్యాండ్ కారు కొన్న మిగతా పాఠకులు ఇంకోటి కూడా చూసుకోండి, బండి మీ పేరు మీదికి మారిన 14 రోజుల్లోగా పాలసీ కూడా మార్పించుకోవాలి, లేకపోతే మీ బండి డ్యామేజీకి క్లెయిమ్ దగ్గర ఆగిపోతారు. ఈయనకు కనీసం ఆ సమస్య లేనట్టుంది, 95 వేలైనా ఇస్తున్నారు కాబట్టి.

ఆ 95 వేలు ఇంకా తీసుకోకపోతే నష్టం లెక్క కట్టిన సర్వేయర్ రిపోర్టు కాపీ మెయిల్‌లో అడగండి, అది అడిగే హక్కు మీకుంది. ఆయిల్ ఛాంబర్‌తో పాటు అడుగున దెబ్బతిన్న మిగతా పార్టులు అందులో ఎక్కాయో లేదో చూడండి. వదిలేసినవి ఉంటే కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కు (ఫిర్యాదుల విభాగానికి) రాయండి, నెల రోజుల్లో తేలకపోతే కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫిర్యాదుకు ఫీజు లేదు. ఇంజిన్ డబ్బు అక్కడ వస్తుందని మాత్రం ఆశపడకండి.