మిగిలిన తొంబై ఎక్కడికి పోతుంది?

తిరుపతి

చిరంజీవికి శుభాశీస్సులు.

బడిపిల్లల కోసం ఆవరణ వ్యవస్థ మీద, అంటే ఒకచోట బతికే జీవులూ వాటి పరిసరాలూ కలిసిన అల్లిక మీద, నీవు రాసిన పాఠాన్ని రెండుసార్లు చదివాను. భాష శుభ్రంగా ఉంది. ఒక్కచోట తప్ప విషయంలో దోషం లేదు. అయితే ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు అనే మాటలు మొదటి పేరాలోనే వరుసగా రావడం వల్ల, వస్తువును చూడకముందే దాని పేరును బట్టీ పట్టవలసిన అవస్థ పిల్లలకు కలుగుతుంది.

మన జిల్లాలోనే ఉన్న నేలపట్టు చెరువుతో మొదలుపెట్టు. అక్కడ నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి, పులికాట్ సరస్సు దాకా వెళ్ళి పట్టుకొచ్చిన చేపలతో పిల్లలను సాకుతాయి. వాటి రెట్టలు చెరువులో పడతాయి, ఆ నీరు పారిన పొలాలకు ఎరువు కలిసివస్తుంది. చేపలోని నత్రజని, భాస్వరం పక్షి గుండా వరిమడికి చేరాయన్నమాట. ఇంత చెప్పాక ‘పోషకాల చక్రం’ అనే పేరు పెడితే అది బరువుగా ఉండదు.

దోషమన్నది ఇక్కడే ఉంది. పోషకాలకు చక్రం ఉన్నట్లే ‘శక్తి చక్రం’ కూడా ఉందని రాశావు. అది లేదు. పదార్థం తిరిగి వస్తుంది, శక్తి తిరిగి రాదు. సూర్యుని నుంచి ఆకుకు, ఆకు నుంచి మేకకు, మేక నుంచి చిరుతకు ఒకే దిక్కుగా ప్రవహించి, చివరకు వేడిగా చెదిరిపోతుంది.

చాలా ఏళ్ళ క్రితం చంద్రగిరి వైపు ఒక బడిలో, ఆహారపు గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు, అంటే గడ్డి నుంచి మేకకు, శక్తిలో 10 శాతమే చేరుతుందని నేను చెబుతుండగా, మేకలు కాసే ఇంటి పిల్లవాడొకడు లేచి, “మిగిలిన తొంబై ఎవురు తింటారు సార్?” అని అడిగాడు. వృథా అవుతుందని చెప్పి నేను ముందుకు సాగిపోయాను. ఆ జవాబు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఎందుకంటే అది తప్పు. మేక మేయని గడ్డి, అరగక పెంటికలుగా బయటికి వచ్చినది విచ్ఛిన్నకారులకు, అంటే వాటిని కుళ్ళబెట్టి మట్టిలో కలిపే జీవులకు, చేరుతుంది. అరిగినదానిలో పెద్ద భాగం నడవడానికి, ఊపిరి తీయడానికి, ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి ఖర్చయిపోతుంది. మేక వీపు మీద చెయ్యి పెట్టి చూడమని ఉంటే సరిపోయేది: ఆ తొంబైలో కొంత వాడి అరచేతికే తగిలి ఉండేది. రోజంతా మేసిన మేక సాయంత్రానికి ఎంత తక్కువ బరువు పెరుగుతుందో వాడికి నాకంటే బాగా తెలుసు.

ఆ పది శాతాన్ని రాతి మీద శాసనంలా రాయకు. అమెరికాలో ఒక చిన్న సరస్సును కొలిచి, శక్తి మెట్టు మెట్టుకూ ఎలా తరుగుతుందో 1942లో వెలువడిన వ్యాసంలో చూపిన రేమండ్ లిండెమన్ లెక్కల్లోనూ అన్ని మెట్లకూ ఒకే అంకె రాలేదు. సుమారుగా 5 నుంచి 20 శాతం దాకా మారుతుందని, లెక్క సులువు కోసం పది తీసుకుంటామని పిల్లలకు దాచకుండా చెప్పు. గడ్డిలో 10,000 పాళ్ళుంటే మేకకు 1,000, చిరుతకు 100 అని వేసి చూపిస్తే, శేషాచలం అడవిలో చిరుతలు ఎందుకు అరుదో వాళ్ళే చెబుతారు.

ఆహారపు గొలుసు బొమ్మలో బాణం గుర్తు తినబడే దాని నుంచి తినే దాని వైపుకు ఉండాలి. అది శక్తి వెళ్ళే దారి. విచ్ఛిన్నకారులను గొలుసు చివర వేలాడదీయడం కూడా మానుకో. ఎండాకాలం తలకోన దారిలో రాలిన ఆకును చెదలు, శిలీంధ్రాలు పట్టుకునేది చిరుత చచ్చేదాకా ఆగి కాదు. ప్రతి మెట్టు దగ్గరా అవి పనిలోనే ఉంటాయి.

సవరించిన ప్రతిలో చెరువు బొమ్మ ఒకటి, మేక బొమ్మ ఒకటి గీసి, పోషకాలకు ఒక రంగు బాణాలు, శక్తికి వేరొక రంగు బాణాలు వేసి పంపు. అచ్చుకు ఇచ్చే ముందు దాన్ని ఒక బడిలో చదివి వినిపించి, పిల్లలు అడిగిన ప్రశ్నలను వాళ్ళ మాటల్లోనే రాసి, ఆ కాగితాన్ని కూడా జతచెయ్యి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి