కొమ్ము దగ్గర ఆగిపోకు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. ఇంగ్లీషు జింజర్‌కు మూలం సంస్కృత శృంగవేరమనీ, శృంగమంటే కొమ్ము గనక కొమ్ముల్లా ఉండే దుంపకు ఆ పేరొచ్చిందనీ రాశావు. అర్థం అంత అందంగా కుదిరిన చోటే నీకు అనుమానం రావాలి.

ఆ మాట ఇంకా వెనక్కి పోతుంది. తమిళ, మలయాళాల్లో అల్లాన్ని ఇంజి అంటారు. దానికి వేరును చేర్చు: ఇంజివేర్. పాలీలో అది సింగివేర. ఆ పరాయి శబ్దానికి ఒక అర్థం కల్పించుకుని సంస్కృతం శృంగవేరం చేసుకుందని భాషావేత్తలు చెబుతారు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి కదా, అదే నిలబడిపోయింది.

మరి తమిళంలో లేని సకారం పాలీకి ఎక్కడిదని అడగాలి నువ్వు. తమిళంలోనూ, కొన్ని మాటల్లో తెలుగులోనూ మాట మొదటి చకారం రాలిపోయింది. మన అంకె ఆరు, తోబుట్టువు భాష గోండీలో సారుంగ్: అక్కడ ఆ చకారమే సకారంగా మిగిలింది. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకాల్లో ఈ మార్పు సంగతి దొరుకుతుంది, ఓపిగ్గా చదువు. తమిళం పోగొట్టుకున్న పాత ద్రావిడ ధ్వని జాడ పాలీలో మిగిలింది! ఇన్నేళ్లయినా ఈ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆపైన గ్రీకు జింగిబెరిస్, లాటిన్, పాత ఫ్రెంచి, ఇంగ్లీషు. జింజర్ చివరి ర్ ఆ వేరులో మిగిలిన ముక్కే.

1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీని కూడా చూడు. అల్లం మిరియపు చెట్టు వేరని కొందరు అనుకుంటున్నారు, కాదు అని సరిదిద్దాడు. ధర పౌనుకు 6 దినారాలని (రోమన్ వెండి నాణేలు) చెప్పాడు. కానీ అది పండేది అరేబియాలో, ఎర్రసముద్రపు ఆఫ్రికా తీరంలో అని రాశాడు. సరుకు ఆ దారిన వచ్చేది మరి. మాటల దగ్గర మనమూ ఇదే చేస్తాం, చేర్చిన భాషనే పుట్టిన భాష అనుకుంటాం. అందుకని ప్రతి మజిలీలోనూ ఆ రూపం ఏ కాలపు రాతలో ఉందో, ఆ భాష దాన్ని ఇచ్చిందో తీసుకుందో చూసుకో. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు దగ్గరుంచుకో.

అలాగని తెలుగే ఇంగ్లీషుకు ఈ మాట ఇచ్చిందని రాసేవు! మనకు అది అల్లం, ఎండితే శొంఠి. వేరు ఒక్కటే మనకూ తమిళులకూ ఉమ్మడి.

శృంగవేరం పేరాను కొట్టెయ్యకు. ఆ అర్థం ఎలా కల్పించుకున్నారో చెప్పే పేరాగా మార్చి, నెలాఖరులోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు