ఇంగ్లీషు నామవాచకాల ముందు ఆర్టికల్ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వదిలేయాలి?

నియమాలన్నీ చదివినా, రాసేటప్పుడు ‘ఎ’ పెట్టాలో ‘ది’ పెట్టాలో అసలేమీ పెట్టకూడదో తేలడం లేదని అడిగారు. తోటి ఉద్యోగులు ఇంగ్లీషులో రాసే నివేదికలను సరిదిద్దడం నా పని కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను. నియమాల పట్టికను పక్కన పెట్టి, ప్రతి నామవాచకం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: నేను చెబుతున్నది దేని గురించో చదివేవారికి తెలుసా? తెలియకపోతే, అది ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగినదేనా?

తెలిస్తే ‘ది’ పెట్టాలి. ‘ది కమిటీ సబ్మిటెడ్ ఎ రిపోర్ట్’ అన్నప్పుడు ఆ నివేదిక పాఠకుడికి కొత్తది. తర్వాతి వాక్యంలో అదే ‘ది రిపోర్ట్’ అవుతుంది. అయితే ముందే ప్రస్తావించి ఉండాలన్న నిబంధనేమీ లేదు. ‘క్లోజ్ ది డోర్’ అంటే ఏ తలుపో సందర్భమే చెబుతుంది.

తెలియనిదై, లెక్కకు వచ్చే ఏకవచనమైతే ‘ఎ’ గానీ ‘యాన్’ గానీ ఉండి తీరాలి. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో అన్నిటికన్నా ఎక్కువగా లోపించేది ఇదే: ‘షీ ఈజ్ ఇంజినీర్’ అని రాస్తారు, ‘షీ ఈజ్ యాన్ ఇంజినీర్’ అనాలి. ఈ రెండింటిలో ఏది అన్నది అక్షరం కాదు, ఉచ్చారణ నిర్ణయిస్తుంది. అందుకే ‘ఎ యూనివర్సిటీ’, ‘యాన్ అవర్’. బహువచనాలకు, లెక్కకు రాని ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’ వంటి వాటికి ఏమీ అక్కర్లేదు. కానీ ‘ది అడ్వైస్ యు గేవ్ మీ’ అనగానే ఏ సలహానో తేలిపోయింది కనుక ‘ది’ వచ్చి చేరుతుంది.

‘గో టు స్కూల్’ అంటే చదువుకోవడానికి వెళ్లడం, ‘గో టు ది స్కూల్’ అంటే వేరే పని మీద ఆ బడికి వెళ్లడం. ఇదే తర్కంతో బ్రిటిష్ వారు రోగిని ‘ఇన్ హాస్పిటల్’ అంటే, అమెరికన్లు ‘ఇన్ ది హాస్పిటల్’ అంటారు.

పేర్ల విషయంలో మాత్రం ప్రశ్నలు పనిచేయవు, కంఠస్థం చేయవలసిందే. నదులకు, మహాసముద్రాలకు, పర్వతశ్రేణులకు ‘ది’ ఉంటుంది. విడి శిఖరాలకు సాధారణంగా ఉండదు: ‘ది హిమాలయాస్’, కానీ ‘మౌంట్ ఎవరెస్ట్’. వాడుక మారుతుంది కూడా. 1991లో స్వతంత్ర దేశమైన ఉక్రెయిన్‌ను పూర్వం ‘ది’ చేర్చి రాసేవారు, ఇప్పుడు చేర్చరు. ఇక పత్రికల శీర్షికలను నమూనాగా తీసుకోకండి. అక్కడ చోటు మిగుల్చుకోవడానికి ఆర్టికల్స్‌ను కావాలనే తీసేస్తారు.