దగ్గుతున్న బిడ్డకు డాక్టరు మందు రాయకపోతే

మన దేశం నుంచి ఇక్కడికి, విదేశానికి, కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "పాపకి నాలుగు రోజులుగా దగ్గు. డాక్టరు చూసి, మందేమీ రాయకుండా పంపేశారు. ఇదేం వైద్యమండీ?" మా పెద్దదానికి ఎనిమిది నెలలప్పుడు నేనూ ఇలాగే మండిపడ్డాను. దానికి వచ్చింది బ్రాంకియోలైటిస్. రెండేళ్లలోపు పిల్లల్లో ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ వల్ల సన్నటి శ్వాసనాళాలు వాచి, కఫంతో పూడుకుంటాయి. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. 3 నుంచి 5 రోజుల మధ్య బాగా ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. దగ్గు మాత్రం రెండు మూడు వారాలు సాగొచ్చు. ముక్కు శుభ్రం చేస్తూ, కొద్దికొద్దిగా పాలు పట్టడమే అసలు వైద్యం. సూట్‌కేసులో తెచ్చుకున్న దగ్గు సిరప్ జోలికి పోకండి.

అలాగని నిశ్చింతగా కూర్చోమని కాదు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 2 నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, అంతకు చేరితే వేగంగా ఉన్నట్టే, డాక్టరుకు చెప్పాలి. డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలమైనా, పాలు తాగలేకపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. 3 నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా అంతే.

పిల్లికూతలు వినబడగానే ఆస్తమా అనుకోకండి. ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో ఐదేళ్లలోపు పిల్లలు గొట్టంలోకి సరిగా ఊదలేరు. అందుకే జలుబు లేనప్పుడూ కూతలు వస్తున్నాయా, పరిగెడితే ఆయాసమా, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని అడుగుతారు. అక్కడ మనవాళ్లు తాతగారి ఉబ్బసాన్ని దాచేస్తారు, పెళ్లిచూపులైనట్టు! ఉన్నది చెప్పండి. ఇన్‌హేలర్ ఇస్తే అలవాటైపోతుందని భయం వద్దు. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి కొద్ది మోతాదే సరిపోతుంది. చిన్నపిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), మాస్క్ పెట్టి ఇవ్వాలి.

రాత్రంతా దగ్గిన పిల్ల డాక్టరు ముందు చక్కగా నవ్వుతుంది. వీడియో తీసి పెట్టుకోండి. కుక్క మొరిగినట్టుండే దగ్గు క్రూప్, అంటే స్వరపేటిక దగ్గర వాపు, కావచ్చు, దాన్ని వినిపిస్తే సగం పని అయినట్టే.

ఇంకో మాట. టీకాల కార్డు వెంట ఉండాలి. బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్న పిల్లలకు టీబీ లేకపోయినా, టీబీ కోసం చేసే చర్మ పరీక్ష పాజిటివ్ రావచ్చు. బీసీజీ ప్రభావం లేని రక్త పరీక్ష ఒకటుంది, ఇగ్రా అంటారు. మా చిన్నవాడి స్కూల్ అడ్మిషన్ సమయంలో ఈ సంగతి తెలియక రెండు వారాలు టెన్షన్‌తో నిద్రపోలేదు మేము.