డీడీ-214 మీద ఆ మూడు మాటలు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవించి రాయునది. మొన్న రాత్రి అక్కయ్య ఫోన్ చేసింది. ముందు ఆవకాయ గురించి మాట్లాడింది, తర్వాత హైదరాబాద్ టికెట్ల రేట్ల గురించి. అరగంట అయ్యాక గానీ అసలు మాట బయటికి రాలేదు. "వాడు ఉద్యోగాలకు అప్లై చేస్తాడు, ఆర్మీ కాగితం అడగ్గానే వెనక్కి వచ్చేస్తాడు" అంది. ఇన్నేళ్లుగా నువ్వు నా ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో అప్పుడు అర్థమైంది. ఇరవై రెండేళ్లు అమెరికా ఆర్మీలో చేసి వచ్చిన మామయ్య ముందు తలెత్తలేననుకున్నావు.

ఇది తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇంగ్లీషులో మొదలుపెడితే నాకు తెలియకుండానే కమాండర్‌కి మెమో రాసినట్టు వస్తుంది. తొమ్మిదో తరగతి దాకా తెనాలిలో చదివినవాడివి, నిదానంగానైనా చదవగలవు.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. నేను బల్లకి అటువైపు కూర్చున్నవాణ్ణి. ఫస్ట్ సార్జంట్‌గా ఉన్నప్పుడు కుర్రాళ్లని ఆర్మీ నుంచి బయటికి పంపే ఫైళ్లు నా చేతుల మీదుగానే వెళ్లేవి. ఇరాక్ నుంచి వచ్చిన నాలుగు నెలలకి ఒక కుర్రాడు తాగి డ్యూటీకి రాలేదు. అది మూడోసారి. అంతకుముందు బూట్లు అద్దంలా మెరిపించుకునే పిల్లాడు వాడు. ఇలా ఎందుకు అయ్యాడని నేను ఒక్కసారి కూడా అడగలేదు. "కాగితాలు రెడీ చేయండి" అన్నానంతే. రిటైరయ్యాక వెటరన్లకి, అంటే మాజీ సైనికులకి, దరఖాస్తులు నింపిపెట్టే పనిలో చేరడానికి కారణం వాడే. అందుకని ఇప్పుడు రాసేదాంట్లో సగం అటువైపు నుంచి, సగం ఇటువైపు నుంచి చూసింది అనుకో.

నీ డిశ్చార్జ్ కాగితం డీడీ-214 మీద "అదర్ దేన్ ఆనరబుల్" అని ఉంది, అంటే గౌరవంగా పంపలేదని. కింద కారణం గడిలో మిస్‌కాండక్ట్, సీరియస్ ఆఫెన్స్. ఆరు నెలలు ఆగితే దానంతట అదే మారిపోతుందని ఎవరో చెప్పారని అక్కయ్య అంది. నేను చేరినప్పుడు కూడా బ్యారక్‌లో ఇదే కథ. అలాంటి రూలు లేదు, ఎప్పుడూ లేదు. అడిగితేనే మారుతుంది, అదీ ఆధారం చూపించి అడిగితేనే.

భయపడకుండా అడగొచ్చు. డిశ్చార్జ్‌ని మళ్లీ పరిశీలించే డిశ్చార్జ్ రివ్యూ బోర్డు ఉన్నదాన్ని ఇంకా కిందికి దించలేదు. ఒప్పుకోకపోతే ఉన్నచోటే ఉంటావు. ఫీజు ఒక్క డాలర్ కూడా లేదు. ఫారం పేరు డీడీ-293, గడువు డిశ్చార్జ్ అయిన రోజు నుంచి 15 ఏళ్లు. నువ్వు 2020 జూన్‌లో బయటికి వచ్చావు కాబట్టి 2035 దాకా టైముంది. నీది జనరల్ కోర్టు మార్షల్ శిక్ష కాదు, అది అయితే ఈ బోర్డు చూడదు.

టైముందని కూర్చోవద్దు. ఒక విషయంలో నీ పరిస్థితి మిగతావాళ్లలాంటిది కాదు. నువ్వు గ్రీన్ కార్డుతో చేరావు. బేసిక్ ట్రైనింగ్ చివర్లో ఫోర్ట్ జాక్సన్‌లో చెయ్యెత్తి ప్రమాణం చేసి పౌరుడివయ్యావు. ఆ ఫోటో ఇప్పటికీ మీ ఇంట్లో టీవీ మీద ఉంది. సైన్యంలో పనిచేసినందుకు పౌరసత్వం తెచ్చుకున్నవాళ్లు మొత్తం ఐదేళ్ల గౌరవప్రదమైన సర్వీసు పూర్తి కాకముందే అదర్ దేన్ ఆనరబుల్‌తో బయటికి వస్తే, ఆ పౌరసత్వాన్ని రద్దు చేయమని ప్రభుత్వం కోర్టుకి వెళ్లడానికి చట్టంలో వీలుంది. నీది నాలుగేళ్ల ఎనిమిది నెలలు. దానంతట అది రద్దవదు, ఫెడరల్ కోర్టులో కేసు నడవాలి. నిద్ర పాడుచేసుకోవడానికి చెప్పడం లేదు. కానీ ఏ ఫారమైనా పంపేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు. ఆర్మీ లాయర్‌కి ఇమిగ్రేషన్, ఇమిగ్రేషన్ లాయర్‌కి ఆర్మీ సాధారణంగా తెలియవు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది నువ్వే.

ఇక కాగితాలు. ఎస్‌ఎఫ్-180 అనే ఫారం నింపి సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కి పంపు. 1973లో అక్కడ మంటలు లేచి కోటిన్నరకు పైగా పాత ఫైళ్లు కాలిపోయాయి. అవి పాతతరం వాళ్లవి, నీవి కాదు. డీడీ-214 ఒక్కటే అడిగితే సరిపోదు. సర్వీసు ఫైలు మొత్తం, మెడికల్ రికార్డులు, ముఖ్యంగా నిన్ను బయటికి పంపినప్పుడు తయారుచేసిన సెపరేషన్ ప్యాకెట్ అడుగు. అసలు కథంతా ఆ ప్యాకెట్‌లోనే ఉంటుంది. ప్రతి 4856 కౌన్సెలింగ్ కాగితం, కోర్టు లేకుండా కమాండరే వేసిన శిక్ష ప్రతి ఆర్టికల్ 15, నువ్వు సంతకం చేసిన ప్రతి పేజీ. బయటికి పంపేముందు జరిగే బోర్డు విచారణ నాకొద్దని నువ్వే సంతకం పెట్టావట. "ఇది పెడితే రెండు వారాల్లో ఇంటికి పోవచ్చు" అని చెబితే పెట్టేశావు. ఇరవై నాలుగేళ్ల పిల్లాడు నిద్రలేకుండా ఉన్నప్పుడు ఇంటికి పోవచ్చంటే దేనిమీదైనా పెడతాడు. నేనూ అలా పెట్టించాను కొందరిచేత.

ఆ ప్యాకెట్‌లో నువ్వు ముందుగా వెతకాల్సింది ఒకటుంది. విదేశాల్లో యుద్ధ విధులకి వెళ్లివచ్చిన 24 నెలల్లోపు ఒకణ్ణి ఇలా పంపించాలనుకుంటే, వాడికి పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసుకి పట్టే జబ్బు) గానీ తలకి దెబ్బ తగిలిన సమస్య గానీ ఉందని డాక్టర్ చెప్పినా, ఉందేమోనని వాడే సహేతుకంగా చెప్పినా, ముందు వైద్య పరీక్ష చేసి, జరిగినదానికి అది కారణమా అని చూడాలని చట్టం. నువ్వు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చింది 2019లో. నిద్ర పట్టడం లేదని సిక్ కాల్‌కి, అంటే ఆర్మీ డాక్టర్‌కి చూపించుకోవడానికి, వెళ్లావని అక్కయ్యకి అప్పట్లో చెప్పావట. ఆ చీటీ దొరికి, పరీక్ష చేసిన కాగితం దొరక్కపోతే, నీ వాదన జాలి మీద కాదు, చట్టం మీద నిలబడుతుంది. బోర్డు రెండు రకాలుగా చూస్తుంది. పద్ధతి ప్రకారం జరిగిందా అనేది ఒకటి, పద్ధతి ప్రకారమే జరిగినా అది న్యాయమేనా అనేది రెండోది. రెండింటికీ దరఖాస్తులో చోటు పెట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వచ్చే దరఖాస్తుల్లో చాలావాటిలో నేను చూసిన లోపం ఒక్కటే. ఒక పేజీలో "నేను యుద్ధంలో చాలా బాధలు పడ్డాను" అని ఉంటుంది, ఇంకో పేజీలో "నేను తప్పు చేశాను, క్షమించండి" అని ఉంటుంది. రెండింటినీ కలిపే దారం ఉండదు. బోర్డుకి కావాల్సింది ఆ దారమే.

వియత్నాం నుంచి వచ్చినవాళ్లకి పీటీఎస్‌డీ అన్న పేరే లేదు, వైద్య పుస్తకాల్లోకి అది ఎక్కింది 1980లో. ఆ కాలం వాళ్లని దృష్టిలో పెట్టుకుని 2014లో అప్పటి రక్షణ మంత్రి చక్ హేగెల్ బోర్డులకి ఒక మెమో ఇచ్చాడు, ఇలాంటి కేసులని ఉదారంగా చూడమని. 2017లో రక్షణ శాఖ నుంచి వచ్చిన కుర్టా మెమో దాన్ని నాలుగు ప్రశ్నలుగా విడగొట్టింది. నీ తప్పుకి కారణం కాగల జబ్బు గానీ అనుభవం గానీ నీకుందా? అది సర్వీసులో ఉండగా జరిగిందేనా? ఆ తప్పు నిజంగా దానివల్లే జరిగిందా, కనీసం తప్పు బరువుని అది తగ్గిస్తుందా? చివరికి త్రాసులో పెడితే అదే మొగ్గుతుందా? ఈ నాలుగూ నోట్‌బుక్‌లో నాలుగు పేజీల పైన రాసి, కింద నీ జవాబులు రాయి. మొదటి రెండూ తేలికే. మూడోదాని దగ్గర రెండు వారాలు కూర్చో.

నీ ముందున్న బండి పేలింది 2018 నవంబర్‌లో. అప్పటిదాకా నీ ఫైల్లో ఒక్క మరక లేదు. మూత్ర పరీక్షలో గంజాయి దొరికింది నువ్వు వచ్చిన ఐదు నెలలకి. ఆ తర్వాత చెప్పకుండా పదకొండు రోజులు వెళ్లిపోయావు. ఈ తేదీలని ఒకే కాగితం మీద వరసగా పెట్టి చూపించు. ముందు ఎలా ఉన్నావు, తర్వాత ఎలా అయ్యావు అన్నది ఏ డాక్టర్ ఉత్తరం కంటే ముందు ఆ వరసే చెబుతుంది. "నేను ఒత్తిడిలో ఉన్నాను" అని రాయకు. ఒత్తిడి అందరికీ ఉంటుంది, బోర్డులో కూర్చున్న కల్నల్‌కీ ఉంటుంది. "పడుకుంటే కాలిన రబ్బరు వాసన వచ్చేది. సిక్ కాల్‌లో మాత్రలిచ్చి పంపారు. అవి పని చేయలేదు. గంజాయి తాగిన రోజు నాలుగు గంటలు పడుకున్నాను" అని రాయి.

ఇక ఆ లీవు సంగతి. తాతయ్య పోయారని చెప్పి ఎమర్జెన్సీ లీవు అడిగావు. ఆ తాతయ్య మా నాన్న. ఆయన ఇప్పటికీ తెనాలిలో పొద్దున్నే అరుగు మీద కూర్చుని పేపర్ చదువుతున్నాడు. ఈ విషయం ఆయనకి చెప్పలేదు, చెబితే నవ్వుతాడో తిడతాడో తెలియదు. నవ్వులాటకి కాదు గానీ, ఈ అబద్ధాన్ని పీటీఎస్‌డీ కిందికి తోయాలని చూడకు. కావాలని ముందే ఆలోచించి చేసినదానికి జబ్బు కారణమని బోర్డులు సులభంగా ఒప్పుకోవు. అది దాస్తే మిగతాది కూడా నమ్మరు, అది నీ ఫైల్లో ఎలాగూ ఉంది. "అబద్ధం చెప్పాను. అది నా తప్పే" అని రెండు వాక్యాలు రాసి ముందుకి వెళ్లు. తప్పుని తప్పని చెప్పినవాడి మిగతా మాటకి బరువు పెరగడం నేను చాలాసార్లు చూశాను.

డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లు. రోగ నిర్ధారణ ఉంటే కేసు బలపడుతుంది. అంతకంటే ముందు నీకు నిద్ర కావాలి. వీఏ, అంటే మాజీ సైనికుల శాఖ, ఇలాంటి డిశ్చార్జ్ ఉన్నవాళ్లని గుమ్మంలోంచే పంపేస్తుందని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. నీ డిశ్చార్జ్‌ని వీఏ తన రూల్స్ ప్రకారం విడిగా పరిశీలిస్తుంది, ఆ రూల్స్ 2024లో కొంత సడలించారు కూడా. యుద్ధభూమికి వెళ్లివచ్చినవాడివి, వెట్ సెంటర్‌కి వెళ్లి కౌన్సెలింగ్ అడుగు. రాత్రిపూట మనసు బాగా చెడితే 988కి ఫోన్ చేసి 1 నొక్కు. ఆ తర్వాత నాకు చెయ్యి, ఎన్నిగంటలైనా సరే.

సపోర్ట్ లెటర్ల విషయంలో మనవాళ్లతో ఒక చిక్కుంది. అక్కయ్య ఇప్పటికే గుడి ట్రస్టీ గారితో, తెలుగు సంఘం మాజీ అధ్యక్షుడితో మాట్లాడేసిందట. పెద్ద పేర్లు, రంగుల లెటర్‌హెడ్. "చాలా మంచి కుటుంబం" అని రాస్తారు. బోర్డుకి నీ కుటుంబంతో పని లేదు. నీతో అదే బండిలో ఉన్నవాడు రాసిన అరపేజీ వీటన్నిటికంటే ఎక్కువ. ఆ పేలుడు ముందు నువ్వెలా ఉండేవాడివో, తర్వాత క్యాంటీన్‌లో గోడకి వీపు ఆనించి తప్ప ఎందుకు కూర్చునేవాడివి కాదో వాడే చెప్పగలడు. ఇంకోటి గోడౌన్‌లో నీ సూపర్‌వైజర్ చేత రాయించు. ఎవరు రాసినా నీ డిశ్చార్జ్ ఎందుకు అలా అయిందో వాళ్లకి తెలిసి ఉండాలి, తెలుసని ఆ ఉత్తరంలో ఉండాలి. సిగ్గుగా ఉంటుంది. తెలుసు. 2018లో రక్షణ శాఖ నుంచే వచ్చిన విల్కీ మెమో బయటికి వచ్చాక ఎలా బతుకుతున్నావన్నది కూడా చూడమంది కాబట్టి, కమ్యూనిటీ కాలేజీ మార్కులు కూడా జతచెయ్యి. గణితంలో సి వచ్చినా సరే.

ఫారంలో ఆనరబుల్ అడుగు. దాని కింది మెట్టు జనరల్ డిశ్చార్జ్ వస్తే చాలనుకుని జనరల్ అడగకు. జనరల్‌తో వీఏ వైద్యం లాంటివి చాలావరకు అందుతాయి గానీ చదువుకి జీఐ బిల్ రాదు, దానికి ఆనరబుల్ కావాలి. కారణం గడి, దాని కోడ్, మళ్లీ చేరడానికి సంబంధించిన కోడ్ కూడా మార్చమని విడిగా రాయి. అది మరిచిపోయినవాళ్లని చూశాను. పైన ఆనరబుల్, కింద సీరియస్ ఆఫెన్స్ అలాగే ఉండిపోతుంది. ఉద్యోగమిచ్చేవాడు కిందిదే చదువుతాడు.

ముందు కాగితాల మీద రివ్యూ అడగాలా, ఎదురుగా కూర్చుని మాట్లాడే హియరింగ్ అడగాలా? ముందు కాగితాలతో వెళ్లి ఓడిపోతే తర్వాత హియరింగ్ అడగొచ్చు. హియరింగ్‌తో మొదలుపెడితే మళ్లీ కాగితాల రివ్యూ ఉండదు. అందుకే చాలామంది రెండు అవకాశాలూ వాడుకోమంటారు. నీ విషయంలో నేనూ అదే అంటాను. నువ్వు మాట్లాడితే మనుషులు నమ్ముతారు గానీ, ఇప్పుడప్పుడే ఆఫీసర్ల ముందు ఆ రోజు గురించి మాట్లాడగలవని నాకు అనిపించడం లేదు. బోర్డులో ఎక్కువమంది ఒప్పుకుంటే చాలు. అక్కడా కుదరకపోతే పైన ఆర్మీ రికార్డులు సరిదిద్దే కరెక్షన్ బోర్డు ఉంది, డీడీ-149 ఫారం. దాని గడువు మూడేళ్లే అయినా న్యాయం కోసం మినహాయిస్తారు. 2019 డిసెంబర్ 20న గానీ ఆ తర్వాత గానీ బయటికి వచ్చినవాళ్లకి దానిపైన ఇంకో అప్పీలు బోర్డు కూడా పెట్టారు. నువ్వు అందులోకి వస్తావు.

డబ్బు తీసుకుని గ్యారంటీ ఇస్తానన్నవాడి దగ్గరికి పోకు. లా కాలేజీల్లో వెటరన్స్ క్లినిక్‌లు ఉచితంగా చేస్తాయి, నేషనల్ వెటరన్స్ లీగల్ సర్వీసెస్ ప్రోగ్రాం వాళ్లు కూడా. బోర్డుల పాత నిర్ణయాలు పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతారు. నీలాంటి కేసులు ఓ ఇరవై చదువు, గెలిచినవీ ఓడినవీ. ఓడినవే ముందు చదువు.

జవాబు రావడానికి ఏడాదో ఇంకా ఎక్కువో పడుతుంది. ఈలోపు ఫోన్ ఎత్తు.

వచ్చే శనివారం శాన్ ఆంటోనియో నుంచి డ్రైవ్ చేసుకుని వస్తున్నాను. ఎస్‌ఎఫ్-180 ప్రింట్ తీసి ఉంచు, సంతకం నా ముందు పెడుదువుగాని. ఈసారి ప్రతి లైనూ చదివాకే.

ఇట్లు,
మీ మామయ్య