టీనేజ్ పిల్లలకు వృత్తి శిక్షణ మంచిదా, ఎన్‌రిచ్‌మెంట్ ప్రోగ్రామా?

పదిహేనేళ్ల పాపను సెలవుల్లో వృత్తి శిక్షణలో చేర్చాలా, అకడమిక్ ఎన్‌రిచ్‌మెంట్ ప్రోగ్రామ్‌లో చేర్చాలా అని అడిగారు. రెండూ వేర్వేరు అవసరాలకు.

వృత్తి శిక్షణలో ఒక పనిని చేసి నేర్చుకుంటారు. జర్మనీలో ఇది చాలా గట్టిగా నడుస్తుంది. అక్కడ శిక్షణలో ఉన్నవాళ్లు సాధారణంగా వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో పని చేస్తారు, మిగతా రోజుల్లో వృత్తి పాఠశాలకు వెళ్తారు. కోర్సు 2 నుంచి 3.5 ఏళ్లు, నేర్చుకుంటూనే జీతం కూడా వస్తుంది. రెండు వారాల క్యాంపులో అంత నైపుణ్యం రాదు. కానీ ఆ ఉద్యోగంలో రోజు ఎలా గడుస్తుందో కళ్లారా చూస్తారు. నా దృష్టిలో అసలు లాభం అదే. ఆసుపత్రిలో వారం గమనించాక డాక్టర్ చదువు వద్దనుకున్నా నష్టం లేదు, ఏళ్ల తరబడి పడే టెన్షన్ తప్పింది.

ఎన్‌రిచ్‌మెంట్ అంటే వచ్చే ఏడాది సిలబస్ ముందే చెప్పేయడం కాదు. తరగతిలో తీరిక దొరకని లోతుకు వెళ్లడం. 1959లో రొమేనియాలో మొదలైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌నే చూడండి: రోజుకు మూడే లెక్కలు, నాలుగున్నర గంటల సమయం. ఒకే లెక్కతో గంటన్నర కుస్తీ పట్టే ఓపిక మామూలు ట్యూషన్‌లో అలవడదు.

ఫీజు కట్టే ముందు నేర్పేదెవరో, ఒక్కో గురువుకి ఎంతమంది పిల్లలో కనుక్కోండి. చివరికి చేతికొచ్చేది సొంతంగా చేసిన ప్రాజెక్టా, సర్టిఫికెట్ మాత్రమేనా అనీ అడగండి. చేర్చాలా వద్దా అన్నది మాత్రం పాపతో మాట్లాడాకే తేల్చండి.